కనిపెట్టుకుని ఉండటం ఎలా: దేవుని సమయం కోసం చూసే రోజుల్లో చేయాల్సిన పనులు

ఫిబ్రవరిలో మిరపకాయలు కోసి కల్లంలో పోశాక మా అమ్మ రెండు వారాలు ఇంటి మొహం చూడదు. పొద్దున మంచు ఆరాక కాయలు తిరగేస్తుంది. మధ్యాహ్నం తాలు కాయలు ఏరి పక్కన కుప్ప పెడుతుంది. సాయంత్రానికి అన్నీ దగ్గరికి లాగి, పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెడుతుంది. రాత్రి గాలి మారితే లేచి మబ్బు చూస్తుంది. ఎండ ఆమె చేతిలో లేదు. కాయ ఏ రోజుకు గలగలలాడుతుందో అదీ ఆమె చేతిలో లేదు. ఫోన్ చేసి "ఏం చేస్తున్నావమ్మా" అంటే మాత్రం ఒకటే మాట: "కాయల్ని కనిపెట్టుకుని ఉన్నానే."

ఆ మాట దగ్గరే మనం పొరబడతాం. బడి పుస్తకంలో కనిపెట్టడం అంటే గ్రాహంబెల్ టెలిఫోన్ కనిపెట్టడం. మన పరిశుద్ధ గ్రంథంలో మాత్రం అమ్మ వాడే అర్థమే నిలిచి ఉంది. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది" అంటుంది 130వ కీర్తన. కావలివాడు పడుకుని ఎదురుచూడడు. అలాగని సూర్యుణ్ణి ముందే లాక్కురావాలనీ చూడడు. ఈ రెంటికీ మధ్య ఒక పని ఉంది. అది ఎలా చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను పాస్టరమ్మను కాదు, సండే స్కూల్ టీచర్ని. డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్షకి, చదివి చదివి కొంత, పెళ్లిచూపులకు కూర్చుని కూర్చుని కొంత నేర్చుకున్నాను.

కావలసినవి: ఒక లాంగ్ నోట్‌బుక్కు, పెన్ను, బైబిలు, రోజుకు ఇరవై నిమిషాలు.

1. దేనికోసం చూస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

రాయమంటే చాలామంది "నా జీవితం బాగుపడాలి ప్రభువా" అని రాస్తారు. అది ప్రార్థన కాదనను. కానీ దానికి జవాబు వచ్చిందో రాలేదో ఎప్పటికీ తేలదు. "నాకు ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు రావాలి." "చెల్లికి సంబంధం కుదరాలి." "మా ఆయన తాగుడు మానాలి." ఇలా, చదివినవాళ్లకి తెలిసిపోయేటట్టు రాయండి. పైన ఎడమ మూల తేదీ వేయండి. ఈ తేదీతో తర్వాత పనుంది.

రాశాక దాని కింద ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ గడువు ఎవరు పెట్టారు? నేను మొదటిసారి రాసినప్పుడు "ముప్పై లోపు పెళ్లి కావాలి" అని రాశాను. ముప్పై ఎక్కడిది? ఆదికాండము నుంచి ప్రకటన దాకా వెతికినా దొరకదు. మా మేనత్త నోటి నుంచి వచ్చింది. పెన్నుతో "ముప్పై లోపు" కొట్టేశాను, "పెళ్లి కావాలి" ఉంచాను. కోరికను దేవుని ముందు పెట్టడానికి సిగ్గుపడక్కర్లేదు. మేనత్త పెట్టిన గడువుకి దేవుణ్ణి బాధ్యుణ్ణి చేయడం మాత్రం న్యాయం కాదు.

2. వాగ్దానాన్ని ముందూ వెనకా చదవండి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక పళ్లెంలో వాగ్దానం కార్డులు తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ఇంటికొచ్చి బీరువా తలుపుకి అంటిస్తాం. అందులో తప్పేం లేదు, మా బీరువాకీ నాలుగేళ్ల కార్డులు ఉన్నాయి. కార్డు మీద పట్టినంతే వాగ్దానం అనుకుంటేనే చిక్కు.

గోడ క్యాలెండర్ల మీద తరచూ కనిపించే వచనం ఒకటుంది. యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును..." దాని సరిగ్గా పై వచనం ఎప్పుడైనా క్యాలెండర్ మీద చూశారా? బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని వెనక్కి తెస్తానని ఉంది. ఇది యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. అది అందుకున్న నలభై ఏళ్లవాడు మళ్లీ యెరూషలేము చూసే అవకాశం దాదాపు లేదు. వాగ్దానం అబద్ధం కాదు, కానీ అతని మనవడి కాలానికి నెరవేరేది. ఇంకా పైకి వెళ్లండి, 5వ వచనం నుంచి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ఆయన లేచి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రవచనం చెప్పాడు. ఊరంతా ఆమెన్ కొట్టే మాట అది. నిజమైంది మాత్రం యిర్మీయా మాట.

కాబట్టి మీ కార్డు మీద వచనం ఏదైనా సరే, ఆ అధ్యాయం మొత్తం ఒక్కసారి కూర్చుని చదవండి. ఎవరితో అన్నాడు, ఏ పరిస్థితిలో అన్నాడు, ఈలోగా ఏం చేయమన్నాడు, ఈ మూడూ నోట్‌బుక్కులో రాయండి. మూడోదే ముఖ్యం. మీ ఈ వారం పని అందులోనే దొరుకుతుంది.

మా అన్నయ్య వాళ్లు డల్లాస్‌లో గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నారు. ఏళ్ల తరబడి "కార్డు వచ్చాక చూద్దాం" అని ఇంట్లో మంచి సోఫా కూడా కొనలేదు, గోడకు మేకు కొట్టలేదు. నెలనెలా వరుస ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ రావడం, తమ వంతు తేదీ (ప్రయారిటీ డేట్) దగ్గరికి కదిలిందా లేదా చూడటం, మా వదిన మొహం మాడ్చుకోవడం. ఒక ఆదివారం వాళ్ల సంఘంలో ఈ 29వ అధ్యాయమే వచ్చిందట. ఆ మర్నాడు వదిన కుండీలో కరివేపాకు మొక్క పెట్టింది. చలికాలం ఇంట్లోకి, ఎండాకాలం బయటికి మోస్తూ ఉంటుంది. డేట్ కదలని నెలలో కూడా పోపులోకి ఆకు దొరుకుతోంది.

3. మీ పని ఒక పక్క, ఆయన పని ఒక పక్క

నోట్‌బుక్కులో పేజీ మధ్యకి నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క మీరు చేయగలిగినవి, కుడి పక్క మీ చేతిలో లేనివి. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన మెట్టు నాకు ఇదే, అందుకే కొంచెం సాగదీస్తాను.

నా పేజీ ఇలా ఉండేది. కుడి పక్క: నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, పోస్టులెన్ని, కటాఫ్ ఎంత. ఆంధ్రప్రదేశ్‌లో డీఎస్సీకి చదివినవాళ్లకు ఈ కుడి పక్క ఎంత బరువో తెలుసు. 2018లో ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు పుకార్లే. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఆ ఏడేళ్లలో నేను ఉపవాస ప్రార్థనలన్నీ కుడి పక్కవాటి మీదే చేశాను. ఎడమ పక్క ఏముంది? సైకాలజీ మళ్లీ చదవడం. లెక్కల్లో భిన్నాలు, ఎప్పుడూ తప్పేవి, రోజుకు పది చేయడం. అవనిగడ్డలో కోచింగ్‌కి ఉన్నప్పుడు హాస్టల్లో ఒక అక్క అడిగింది: "శుక్రవారం ఉపవాసం ఉన్నావు, మంచిదే. మరి శుక్రవారం భిన్నాలు ఎవరు చేస్తారే?" కోపం వచ్చింది. మర్నాటి నుంచి చేశాను.

సంబంధం కోసం చూస్తున్నవాళ్లకు ఎడమ పక్క ఏం రావచ్చు? బయోడేటా నిజాలతో రాయించడం, చూడటానికి వచ్చినవాళ్ల గురించి వాళ్ల సంఘంలో విచారించడం, కట్నం అడిగితే ఏమనాలో ఇంట్లో ముందే తేల్చుకోవడం. పిల్లల కోసం చూస్తున్న దంపతులైతే ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లడం. ఇద్దరూ అని ఎందుకు రాశానంటే, మనవైపు ఆవిడను ఒక్కదాన్నే పది ఆస్పత్రులు తిప్పి, ఆయన పరీక్ష మాత్రం "దేవుడు చూసుకుంటాడులే" అని కుడి పక్కకి నెట్టేస్తారు.

జబ్బు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. నూనె రాసి ప్రార్థన చేశారని షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు ఆపకండి. మాత్ర వేసుకోవడం ఎడమ పక్క, స్వస్థత కుడి పక్క. రెండూ ఒకే పేజీలో ఉంటాయి. జబ్బుపడ్డ రాజు హిజ్కియాకు స్వస్థత మాట పలికిన యెషయా ప్రవక్తే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు.

యోసేపు కథ మనం చెప్పేటప్పుడు ఒక చిన్న సంగతి దాటేస్తాం. చెరసాలలో పానదాయకుడికి కల భావం చెప్పాక, "నన్ను గురించి ఫరోతో చెప్పు" అని అడిగాడు. అది అవిశ్వాసం కాదు, ఎడమ పక్క పని. అతను మరిచిపోయాడు. రెండు నిండు సంవత్సరాలు. అది కుడి పక్క. పదిహేడేళ్లప్పుడు అమ్ముడుపోయినవాడు ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్లవాడు. మధ్యలో పదమూడేళ్లు ఏం చేశాడంటే, పోతీఫరు ఇంట్లో లెక్కలు చూశాడు, జైల్లో ఖైదీల బాగోగులు చూశాడు. తర్వాత ఐగుప్తు ధాన్యం లెక్కలు చూడటానికి ఆ చేయే పనికొచ్చింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఈ పేజీ తీయండి. ఎడమ పక్క అయినవాటికి టిక్కు పెట్టండి. కుడి పక్కవాటి మీద చెయ్యి పెట్టి "నా కాలగతులు నీ వశములో నున్నవి" (31వ కీర్తన) అని పైకి చదవండి. మనసులో కాదు, పైకి. ఇంట్లోవాళ్లు వింటారన్న మొహమాటం ఉంటే డాబా ఎక్కండి.

4. మొర పెట్టండి, నటించకండి

కూడికలో ఎవరైనా "ఎలా ఉన్నావమ్మా" అంటే "దేవుని కృపలో బాగున్నానండీ" అనడం మనకు నోటికి అలవాటు. మనుషులతో సరే. దేవుడి దగ్గర కూడా అదే మాట చెబితే ఆయనకు కొత్తగా తెలిసేదేమీ లేదు, మీ గుండెలో బరువు దిగదు.

13వ కీర్తన తీసి చూడండి. నన్ను ఎన్నాళ్లు మరిచిపోతావు, ఎన్నాళ్లు ముఖం దాచుకుంటావు అని దావీదు నిలదీస్తాడు. ఆరే వచనాలు. మొదటి రెండూ పూర్తిగా ఫిర్యాదే. తర్వాత రెండింటిలో అడుగుతాడు. చివరి రెండింటిలో నమ్ముతాడు, పాడతాడు. ఈ వరుస మీరూ పట్టుకోండి: ముందు కష్టం చెప్పండి, తర్వాత కావలసింది అడగండి, చివర్న ఇంతకుముందు ఆయన చేసిన ఒక్క మేలు పేరు పెట్టి చెప్పండి. పది నిమిషాలు చాలు. మాటలు రాని రోజు ఆ కీర్తనే చదివి లేవండి. ఏడుపు వస్తే ఏడవండి. లాజరు చనిపోయాడని తెలిసి, ఇంకాసేపట్లో తనే లేపబోతున్నాడనీ తెలిసి, సమాధి దగ్గరికి వెళ్లేముందు యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. జరగబోయేది తెలిసినవాడే ఏడిస్తే తెలియని మనకు తప్పేంటి?

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆయన మొహం మీద ఫిర్యాదు చేస్తే అది మొర. ఆయన వెనకాల పదిమందితో అంటే సణుగుడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు చేసింది రెండోది.

5. ఆలస్యం కాలంలో తీసుకునే నిర్ణయాలకు తాళం వేయండి

ఎదురుచూపు సగం దాటాక మనిషికి ఒక పిచ్చి ధైర్యం వస్తుంది. ఏదో ఒకటి అయిపోనీ అనిపిస్తుంది. రాజైన సౌలు, బలి అర్పించాల్సిన ప్రవక్త సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు. జనం చెదిరిపోతున్నారని ఆ ఏడో రోజున తనే బలి అర్పించాడు. అర్పించడం ముగిసిందో లేదో సమూయేలు వచ్చేశాడు. అబ్రాహాము డెబ్బై అయిదేళ్లకు హారాను నుంచి బయలుదేరాడు, ఎనభై ఆరుకి హాగరు ద్వారా ఇష్మాయేలు పుట్టాడు, నూరేళ్లకు ఇస్సాకు. ఆ మధ్య తీసుకున్న షార్ట్‌కట్‌కి ఇంట్లో ఎవరెవరు ఏడ్చారో చదివినవాళ్లకు తెలుసు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది, ఏ పాపమూ తెలియని హాగరు.

నేను పాటించే కొన్ని నియమాలు చెబుతాను. మీకు సరిపోయినవి తీసుకోండి.

రాత్రి తొమ్మిది దాటాక పెద్ద నిర్ణయం తీసుకోను. తోటివాళ్ల శుభవార్త విన్న రోజు అసలు తీసుకోను. ఫ్రెండ్‌కి ఉద్యోగం వచ్చిందని తెలిసిన సాయంత్రమే నేను ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్ల బాండు మీద సంతకం పెట్టాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గర పెట్టాను. అవి తిరిగి తెచ్చుకోవడానికి పడ్డ పాట్లు వేరే కథ. ఒక్క రాత్రి నిద్రపోయి లేచి ఉంటే ఆ సంతకం పెట్టేదాన్ని కాదు.

అప్పు చేసి దేవుని సమయాన్ని కొనాలని చూడకండి. "డబ్బు కడితే పోస్టు ఖాయం" అన్నవాడి దగ్గర దేవుని చిత్తం ఉండదు, మోసం ఉంటుంది. "ఇంత కానుక విత్తితే మూడు నెలల్లో జరుగుతుంది" అన్నా అంతే. తేదీ చెప్పి, దానికో రేటు చెప్పే ప్రవచనం ఎక్కడ విన్నా నాకు హనన్యా గుర్తొస్తాడు. కానుక ఇవ్వండి, కృతజ్ఞతగా. అడ్వాన్సుగా వద్దు.

చీటీలు వేసి చూడటం, బైబిలు గుప్పున తెరిచి వేలు పెట్టిన వచనమే జవాబు అనుకోవడం కూడా మానండి. ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను ఎంచడానికి చీట్లు వేసింది అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగాక ఆ పుస్తకంలో మళ్లీ చీట్ల మాట లేదు. దాని బదులు ఇద్దరు పెద్దలను అడగండి. ఒకరు మిమ్మల్ని ప్రేమించేవాళ్లు, ఇంకొకరు మీ నిర్ణయంతో ఏ లాభమూ లేనివాళ్లు. ఇద్దరూ ఒకే మాట చెబితే దాన్ని గట్టిగా పట్టించుకోండి.

ఒంగోలులో ఉన్నవాళ్లూ, అటు వెళ్లేవాళ్లూ ప్రార్థన కొండ ఒకసారి ఎక్కి రండి. ఇది మెట్టు కాదు, కానీ ఇక్కడ చెప్పకపోతే మనసు ఊరుకోదు. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల దగ్గరికి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే విశ్వాసులు. మ్యాపులో ఒంటరి చుక్కలా మిగిలిందని దాన్ని "లోన్ స్టార్" మిషన్ అన్నారు. మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు లేచింది. డే ఆరోగ్యం పాడై 1853లో వెళ్లిపోయాడు. 1854 జనవరి 1న తెల్లవారకముందే అదే మిషన్‌లో పనిచేస్తున్న జ్యూయెట్ దంపతులు, వాళ్లతో పాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన కొండెక్కి, ఈ ఊరికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థన చేశారు. పనివాడు జాన్ క్లౌ, వచ్చింది 1866లో. పన్నెండేళ్లకు. తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇవ్వమని వెంటపడ్డారు. ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఆపాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. డే మాత్రం అది చూడలేదు. 1871లోనే చనిపోయాడు.

మా ముత్తాతల పేర్లు ఆ ప్రాంతపు సంఘాల రిజిస్టర్లలోనే ఉండి ఉంటాయి. కొండ మీద కూర్చున్నప్పుడు నాకు డే గుర్తొచ్చినంతగా క్లౌ గుర్తు రాడు. నోట్‌బుక్కులో కుడి పక్కవి కొన్ని నా జీవితంలో టిక్కు పడకపోవచ్చు అని ఒప్పుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఒప్పుకున్నాను గానీ, తేలిగ్గా కాదు.

6. కనిపెట్టకూడనివి ఏవో తెలుసుకోండి

ప్రతి ఆలస్యమూ దేవుని సమయం కాదు. కొన్ని గుమాస్తా బల్ల మీద దుమ్ము పట్టిన ఫైళ్లు. పింఛను ఆగితే సచివాలయానికి వెళ్లండి, జీతం ఎగ్గొడితే రాసి అడగండి. లూకా 18లో విధవరాలు అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్లింది, ఇంట్లో కూర్చోలేదు. ఆ ఉపమానాన్ని యేసు ప్రార్థన గురించే చెప్పాడు. అయినా ఆవిడ కాళ్లు అరిగిన సంగతి అందులో ఉంది కదా.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నాను. కొట్టే భర్త మారతాడని "ప్రభువు సమయం కోసం ఓర్చుకో" అని ఏ చెల్లికైనా ఎవరైనా చెబితే ఆ సలహా వినకండి. అతను మారాలని ప్రార్థన చేయండి, సురక్షితమైన చోట ఉండి చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. దావీదు సౌలు కోసం ప్రాణం పెట్టినవాడే, అయినా ఈటె విసిరినప్పుడు పక్కకు తప్పుకున్నాడు, తర్వాత ఊరు విడిచాడు. అలాగే రోజుల తరబడి నిద్ర, తిండి లేక బతుకు మీదే విసుగొస్తుంటే అది విశ్వాసం తక్కువై కాదు. డాక్టరుకి చూపించుకోండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, నిప్పుల మీద కాల్చిన రొట్టె పెట్టాడు.

మూసిన తలుపు సంగతి కూడా ఇక్కడే. పౌలు ఆసియాలో వాక్యం చెబుదామనుకున్నాడు, ఆత్మ ఆపింది. బితూనియకు వెళ్లబోయాడు, అక్కడా ఆపింది. పౌలు అక్కడే కూర్చుని తలుపు బాదలేదు, నడుస్తూ త్రోయ దాకా వచ్చాడు. మాసిదోనియ పిలుపు వచ్చింది అక్కడ. ఒకే తలుపు నిజాయితీగా రెండు మూడుసార్లు తట్టి, ఎడమ పక్క పనులన్నీ చేసి, పెద్దల సలహా కూడా తీసుకున్నాక తెరుచుకోకపోతే, ఒక తేదీ పెట్టుకుని పక్కకి నడవండి. ఆ తేదీ దేవుడికి పెట్టే గడువు కాదు, మీరు దారి మార్చుకునే రోజు.

7. జనం అడిగేదానికి ముందే జవాబు తయారు చేసుకోండి

పెళ్లిళ్లలో, సమాధి కార్యక్రమాల్లో, క్రిస్మస్ భోజనాల్లో అడుగుతారు: "ఇంకా ఏం కాలేదా?" ఆ క్షణాన జవాబు వెతుక్కుంటే గొంతు పూడుకుపోతుంది. ఇంట్లోనే ఒక వాక్యం తయారు చేసి అద్దం ముందు రెండుసార్లు అనండి. నాది: "ఇంకా లేదు పిన్నీ, ప్రార్థనలో పెట్టండి. కూర ఇంకొంచెం వేయమంటారా?" రెండో సగం చాలా ముఖ్యం. సంభాషణ కూర మీదికి వెళ్లిపోతుంది.

మీరు అడిగే వైపు ఉంటే, చావు ఇంట్లో "అంతా దేవుని చిత్తం" అన్న మాట మొదటి రోజు వాడకండి. నిజమైన మాటైనా వేళ కాని వేళ రాయిలా తగులుతుంది. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే, ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూర్చోవడం. నోరు తెరిచాకే పాడుచేశారు.

8. ఎబెనెజరు పేజీ

నోట్‌బుక్కు చివరి పేజీల్లో ఇంకో లెక్క ఉండాలి. సమూయేలు రాయి నిలబెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు. దానికి ఎబెనెజరు అని పేరు. మన ఊళ్లలో సగం చర్చిలకు అదే పేరు, కానీ ఆ వాక్యంలో "ఇంతవరకు" అన్న మాట మీద మనం ఆగం. అన్నీ తీరాక పెట్టిన రాయి కాదది, దారి మధ్యలో పెట్టింది.

మొదటి మెట్టులో వేసిన తేదీకి ఇక్కడ పని. మూడు నెలలకోసారి వెనక్కి తిప్పి ప్రతి కోరిక పక్కన ఇవాళ్టి తేదీతో ఏమైందో రాయండి. వచ్చింది, రాలేదు, వేరేలా వచ్చింది, ఇప్పుడు అక్కర్లేదు. ఈ నాలుగో రకం ఎంత ఉంటుందో చూస్తే నవ్వొస్తుంది. 2019లో నేను మూడు వారాలు ఉపవాసం ఉండి అడిగిన ఒక సంబంధం గురించి చదువుకుని, ఆ రాత్రి దేవుడికి రెండుసార్లు థాంక్స్ చెప్పాను. "రాలేదు" అని రాయడానికి భయపడకండి. పౌలు తన శరీరంలోని ముల్లు తీయమని మూడుసార్లు అడిగాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు ఆయన దాచుకోలేదు, ఉత్తరంలో రాశాడు.

నా పుస్తకంలో 2018 పేజీ మీద "రాలేదు, ఒక్క మార్కు లోపు" అని ఉంది. 2025 మెగా డీఎస్సీ పేజీ మీద కూడా "రాలేదు" అనే ఉంది, ఆ కింద ఏం రాయాలో చాలా రోజులు తోచలేదు. ఇప్పుడు ఊళ్లోనే సాయంత్రం పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఇరవై మంది వస్తారు, ఇద్దరికి భిన్నాలు అసలు రావు. ఎడమ పక్క వాళ్ల పేర్లు రాశాను.

నిన్న రాత్రి రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. తూర్పున మెరుస్తోంది, పట్టా ఒక్కదాన్నే లాగలేకపోతున్నాను, వస్తావా అని. టార్చి తీసుకుని వెళ్లాను. తను ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని కప్పాం. రాళ్లు పెట్టాం. వాన రాలేదు. తెల్లారేదాకా కల్లంలోనే కూర్చున్నాం.